భయపడే పిల్లకి మొదటి రోజు ఏ తుపాకీ ఇవ్వాలి?

ఒడిశా రాయగడ దగ్గరి ఊరి నుంచి వచ్చిన ప్రశ్న సారం ఇది: ఇంట్లో నాన్నగారి పేర లైసెన్సున్న 12 బోరు తుపాకీ ఉంది. ఈ మధ్యే గొట్టాన్ని కీలు దగ్గర కిందికి వంచి (దాన్నే విరవడం అంటారు) నింపే 0.177 ఎయిర్ రైఫిల్ ఒకటి కొన్నారు. 13 ఏళ్ళ మేనకోడలు, భార్య ఇద్దరూ కాల్చడం నేర్చుకుంటామంటున్నారు. చైతీ ఉత్సవంలో బుడగలు కాల్చేటప్పుడు పిల్ల ప్రతి దెబ్బకీ కళ్ళు గట్టిగా మూసేసిందట. "మొదటి రోజే 12 బోరు పేల్పించెయ్, భయం ఒక్క దెబ్బతో వదిలిపోద్ది" అని చిన్నాన్నగారు అంటున్నారు. ఇంటి వెనక జీడితోట ఉంది. ఎలా మొదలుపెట్టాలి?

సూటిగా చెప్తాను. 12 బోరుని బీరువాలోంచి తియ్యకండి. ఎయిర్ రైఫిల్‌తోనే మొదలుపెట్టండి. పిల్లని కుర్చీలో కూర్చోబెట్టి, తుపాకీ బల్ల మీది ఇసుక మూట ఆసరాతో ఉంచి, 5 మీటర్ల దూరంలో గుండ్రాలేవీ గియ్యని తెల్ల కాగితం మీద, ఒక్కొక్క పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ సీసపు గుండు) చొప్పున, మొదటి రోజు 20 దాటకుండా కాల్పించండి. జీడితోటలో కాల్చొచ్చు గానీ, పెల్లెట్‌ని మింగేసే అడ్డు వెనక కట్టనిదే ఒక్కటి కూడా వద్దు.

చిన్నాన్నగారి సలహా బావిలో తోసి ఈత నేర్పడం లాంటిది. తుపాకీ విషయంలో అది తిరగబడుతుంది. పెద్ద చప్పుడుకి కళ్ళు మూసుకోవడం, భుజం బిగుసుకోవడం పిరికితనం కాదు, ఒంటికి పుట్టుకతో ఉన్న గుణం. ట్రిగ్గరు నొక్కిన వెంటనే చెవి దగ్గర పిడుగు, భుజం మీద గుద్దు పడితే ఒళ్ళు ఒక్కసారికే లెక్క కట్టేసుకుంటుంది. రెండోసారి ట్రిగ్గరు మీద వేలు పడగానే, చప్పుడు ఇంకా రాకముందే, రెప్పలు వాలిపోతాయి, భుజం ముందుకు తోస్తుంది, వేలు గుంజేస్తుంది. గొట్టం మొన కిందికి పోతుంది. దెబ్బ గురి కింద, ఎక్కడో నేలలో పడుతుంది. ఇలా ఒకసారి ఒంట్లోకి ఎక్కిన అదురుని విడిపించడానికి నెలలు పడుతుంది. ఎక్కకుండా చూడటానికి ఒక్క పూట చాలు.

బరువులు చూస్తే తేడా ఎంతో తెలుస్తుంది. ఎయిర్ రైఫిల్ పెల్లెట్ సుమారు అర గ్రాము. ఎన్‌సీసీ పిల్లలు కాల్చే 0.22 తూటాలో సీసం 2.6 గ్రాములు. 12 బోరు తూటాలో మామూలుగా 28 నుంచి 36 గ్రాముల చెర్రాలు (చిన్న సీసపు గుళ్ళు) ఉంటాయి. అంత బరువు ముందుకు పోతుంటే దానికి తగ్గ తన్ను వెనక భుజానికి తగలక తప్పదు. 40 కిలోల పిల్ల, బట్టు (తుపాకీ వెనక చెక్క చివర) భుజపు గుంటలో కుదరక చేతి కండ మీద పెట్టుకుంటే కమిలిపోతుంది. చెంప సరిగా ఆనకపోతే దవడకి తగులుతుంది. చప్పుడు సంగతి మరీ ముఖ్యం. తుపాకీ మోత లాంటి ఒక్క క్షణపు చప్పుడు పెద్దవాళ్ళకి 140 డెసిబెళ్ళు, పిల్లలకి 120 దాటకూడదంటారు. 12 బోరు ఆ 140ని కూడా దాటేస్తుంది. చెవికి ఏ రక్షణా లేకుండా ఒక్కసారి పేల్చినా చెవిలో గుయ్‌మనే మోత జీవితాంతం మిగిలిపోవచ్చు.

"ఎయిర్ గన్ను పిల్లల ఆట వస్తువు, దాంతో ఏం వస్తుంది" అని చిన్నాన్నగారు అంటే ఈ మాట చెప్పండి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012 లండన్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. ఆ పోటీ కాగితంలో పది పాయింట్ల చుక్క అడ్డంగా కొలిస్తే అర మిల్లీమీటరు.

చట్టం గురించి క్లుప్తంగా. 2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు, అంటే గొట్టం లోపలి వెడల్పు, 4.5 మిల్లీమీటర్లు దాటక, పెల్లెట్ శక్తి 20 జౌల్స్ మించని ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. 0.177 అంగుళాలంటే ఆ 4.5 మిల్లీమీటర్లే. 0.22 బోరు ఎయిర్ రైఫిల్ అంటే 5.5 మిల్లీమీటర్లు, దానికి లైసెన్సు కావాలి. ఈ రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి బిల్లు మీద బోరు ఎంతని రాశారో చూసుకుని, ఆ బిల్లు దాచుకోండి. 12 బోరు లైసెన్సు మీ నాన్నగారి పేర ఉంది, అది ఇంటిల్లిపాదికీ అనుమతి కాదు. పెళ్ళిళ్ళలో సరదాగా గాల్లోకి పేల్చినా 2019 సవరణ తర్వాత రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇంకో సంగతి మన జిల్లాల్లో ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు గానీ చెప్తున్నాను: ఎయిర్ రైఫిల్‌ని భుజాన వేలాడేసుకుని బండి మీద తిరగకండి. అడవి దారిలో గస్తీ తిరిగే జవాన్లకి దూరం నుంచి అది ఎయిర్ గన్నో, నాటు తుపాకీయో, మరొకటో తెలియదు. ఎప్పుడూ కవరులో పెట్టి, ఖాళీగా, పెల్లెట్లు వేరే సంచిలో ఉంచి తీసుకెళ్ళండి. తోటలో మొదటిసారి కాల్చే ముందు చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళకి ఒక మాట చెప్పండి.

పిట్టలు, ఉడతలు, కొక్కిరాయిల మీద గురి పెట్టడం పిల్ల మనసులోకే రానివ్వకండి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ఎయిర్ గన్‌కీ వర్తిస్తుంది. మన ఊళ్ళలో ఎయిర్ గన్ కొన్న కుర్రాడి చూపు మొదట పోయేది చెట్టు మీదికే. మొదటి రోజే గీత గియ్యాలి: కాగితం, అట్ట, డబ్బా. ప్రాణం ఉన్నదేదీ కాదు.

ఇప్పుడు తోట. పెల్లెట్ అర గ్రామే కదా అనుకోవద్దు. పైకెత్తి వదిలితే రెండు మూడు వందల మీటర్లు పోగలదు, దగ్గరలో కంట్లో పడితే కన్ను పోయినట్టే. జీడిపిక్కలు ఏరే రోజుల్లో తోటలో ఎవరు ఏ చెట్టు కింద వంగి ఉన్నారో కనపడదు. ఆ నెలల్లో తోట లోపలివైపు గురి పెట్టనే వద్దు. కొండవార ఎత్తు గట్టు ఉంటే దానికేసి పెట్టుకోండి. గట్టు లేకపోతే ఇల్లు మీ వీపు వెనక ఉండేలా, ప్రహరీ వైపు పెట్టుకోండి. ప్రహరీ ఒక్కటే అడ్డు అని మాత్రం అనుకోకండి. ఇటుక మీద, బండ మీద, ఎండిన గట్టి మొద్దు మీద పడిన పెల్లెట్ నలిగి వెనక్కి ఎగిరి వస్తుంది. 5 మీటర్ల దూరంలో అది మీ మొహం దాకా వస్తుంది.

అడ్డు ఇలా కట్టండి. ఖాళీ సిమెంటు సంచుల్లో ఇసుకో పుట్టమట్టో నింపండి. మట్టిని జల్లెడ పట్టాలి. మన వైపు ఎర్ర గరప నేలలో వేలి గోరంత రాళ్ళుంటాయి, వాటి మీద పడితే పెల్లెట్ తిరిగి వస్తుంది. సంచులు సగానికి పైగా నింపి, మూతి కుట్టి, మీటరు వెడల్పున, నిలబడ్డ మనిషి ఛాతీ ఎత్తున, రెండు వరసల మందాన పేర్చండి. వాటి ముందు లోతైన అట్టపెట్టె ఒకటి పెట్టి, దాన్నిండా పాత దుప్పట్లు, చిరిగిన బట్టలు గట్టిగా కుక్కండి. తెల్ల కాగితం ఆ పెట్టె ముందువైపు అంటించండి. పెల్లెట్ బట్టల్లో ఆగిపోతుంది, తప్పిపోయింది ఇసుకలో ఆగుతుంది. ఎత్తు ముఖ్యం: బల్ల మీది గొట్టం ఏ ఎత్తున ఉందో కాగితం మధ్య కూడా దాదాపు ఆ ఎత్తునే ఉండాలి. కాగితం నేల దగ్గర పెడితే దెబ్బ నేల మీద జారి పైకి లేస్తుంది. మేళాల్లో అమ్మే ఇనప గుళ్ళు అసలు కొనకండి. అవి నలగవు, తిరిగి వస్తాయి, గొట్టం లోపలి గాడుల్నీ పాడుచేస్తాయి.

కాల్చే బల్ల దగ్గర నేల మీద అడ్డంగా ఒక తాడు పరవండి. గన్ను చేతిలో ఉన్నంతసేపూ ఆ తాడు దాటి ఎవరూ ముందుకు పోకూడదు, కోడి పోయినా ఆగాలి. ఆపడానికి ఒక్కటే మాట పెట్టుకోండి: "ఆపు". మీ ఇంట్లో ఒడియా ఎక్కువైతే ఒడియా మాటే పెట్టుకోండి. ఆ మాట ఎవరు అన్నా, చిన్న పిల్లాడు అన్నా, వేలు ట్రిగ్గరు బయటికి రావాలి.

పిల్ల రాకముందు మీరు చెయ్యాల్సిన పని ఒకటుంది, దీన్ని చాలామంది వదిలేస్తారు. మీరు కొన్నలాంటి కొత్త స్ప్రింగు ఎయిర్ రైఫిల్ లోపల తయారీ నూనె మిగిలి ఉంటుంది. గాలి ఒక్కసారి నొక్కుకుపోయేటప్పుడు పుట్టే వేడికి ఆ నూనె అంటుకుని, ఎయిర్ గన్ కాస్తా నిజం తుపాకీలా ఫట్‌మని పేలుతుంది, గొట్టంలోంచి నీలం పొగ వస్తుంది. పిల్ల మొదటి దెబ్బకే అలా పేలితే మీ కష్టమంతా వృథా. మొదటి 50 పెల్లెట్లు మీరే కాల్చెయ్యండి. పొగ, వాసన పోయి చప్పుడు ఒకేలా వస్తుందని నమ్మకం కుదిరాకే పిల్లకివ్వండి. వానాకాలం తుప్పు పడుతుందని గొట్టం వెనక రంధ్రంలో కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె పోసేవాళ్ళున్నారు. అదే పేలుడుకీ, స్ప్రింగు విరగడానికీ కారణం. నూనె పైపైన ఇనుముకి, గుడ్డతో, పల్చగా, అంతే.

గన్ను ఆమెకి కుదురుతుందో లేదో కూడా ముందే చూడాలి. మోచెయ్యి మడిచి, బట్టు చివర మోచేతి లోపలి మడతకి ఆనించండి. చూపుడువేలు మొదటి కణుపు ట్రిగ్గరుని హాయిగా అందుకోవాలి. పెద్దవాళ్ళ గన్నులో ఈ కొలత సుమారు 35 సెంటీమీటర్లు ఉంటుంది, 13 ఏళ్ళ పిల్లకి తరచు 30, 32 చాలు. పొడవు ఎక్కువైతే పిల్లలు రెండు తప్పుల్లో ఒకటి చేస్తారు: బట్టుని చంక కిందికి దోపుకుంటారు, లేదా నడుం వెనక్కి విరిచి గన్ను బరువుని వీపు మీద మోస్తారు. రెండూ నొప్పే. మరీ పొడవుగా ఉంటే ఆ గన్ను మీ ఆవిడకి ఉంచి, పిల్లకి జూనియర్ రైఫిల్ చూడండి.

ఏ కన్నుది పైచేయి, అంటే గురి పెట్టేటప్పుడు ఏ కన్ను ముందుంటుంది అన్నదీ చూడండి. రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతుల మధ్య రూపాయి బిళ్ళంత సందు చేసి, రెండు కళ్ళూ తెరిచి గోడ మీది స్విచ్చుని ఆ సందులోంచి చూడమనండి. ఇప్పుడు ఎడమ కన్ను మూస్తే స్విచ్చు ఇంకా కనిపిస్తే కుడి కన్నుది పైచేయి, మాయమైతే ఎడమది. కుడిచేతి వాటం ఉన్నవాళ్ళలోనూ కొందరికి ఎడమ కన్నుదే పైచేయి. కొత్తవాళ్ళయితే ఎడమ భుజానికి మార్చేస్తే త్వరగానే అలవాటవుతుంది. మారలేమంటే కళ్ళద్దం ఎడమ గాజు మీద మసక టేపు ముక్క అంటించండి. కన్ను మూసి ఉంచమనడం కన్నా అది మేలు, ఎందుకంటే ఒక కన్ను బిగించి మూస్తే మొహమంతా బిగుసుకుని తెరిచిన కన్నూ అలసిపోతుంది.

స్ప్రింగు గన్ను గుణం ఒకటి తెలియాలి. ట్రిగ్గరు వదలగానే లోపల బరువైన పిస్టన్ ముందుకు పరిగెడుతుంది, గన్ను వెనక్కి కదులుతుంది. పిస్టన్ చివర ఆగగానే గన్ను ముందుకు కుదుపుతుంది. ఈ కుదుపులు జరుగుతుండగా పెల్లెట్ ఇంకా గొట్టంలోనే ఉంటుంది. అందుకే గట్టిగా బిగించి పట్టుకున్నా, గట్టి బల్ల చెక్కకి నేరుగా ఆనించినా దెబ్బలు చెల్లాచెదురవుతాయి. ఇసుక మూట మీద ఎడమ అరచెయ్యి పెట్టి, ఆ అరచేతిలో గన్నుని నిద్రపోతున్న పిల్లిని పెట్టుకున్నట్టు ఉంచాలి. పట్టుకోవడం కాదు, ఆనించడం. చవకరకం టెలిస్కోపు బిగించి ఉంటే తీసెయ్యండి. ఈ కుదుపులకి దాని లోపలి గాజులు వదులైపోతాయి, పిల్లకి కంటి దూరం కుదరక మెడ సాగదీస్తుంది. గురి చూడటానికి గొట్టం మీద ఉండే ముందు సైటు, వెనక సైటు చాలు.

మొదటి రోజు ఇలా నడిపించండి. పొద్దున్న, ఎండ ఎక్కకముందు. జుట్టు వెనక్కి కట్టి, చున్నీ తీసేసి, కాళ్ళకి బూట్లు. మీ ఆవిడకి కొంగు నడుంలో దోపడం, ఎడమచేతి గాజులు తీసెయ్యడం. పాలీకార్బొనేట్ కళ్ళద్దాలు అందరికీ, చూస్తున్నవాళ్ళకి కూడా. ఎయిర్ రైఫిల్‌కి చెవి రక్షణ తప్పనిసరి కాదు గానీ ఈ పిల్లకి మాత్రం స్పాంజి చెవి బిరడాలు పెట్టండి. చప్పుడు తగ్గితే ఉలికిపాటూ తగ్గుతుంది.

మొదటి పావుగంట పెల్లెట్ ఊసే వద్దు. గన్ను విరవకుండా, ఖాళీగా, గొట్టం కాగితం వైపే ఉంచి కూర్చోవడం నేర్పండి. బట్టు భుజపు గుంటలో, చెంప చెక్క మీద బరువుగా, మెడ నిటారుగా. వేలు ట్రిగ్గరు బయట, చెక్క పక్కన చాపి ఉండాలి, సైట్లు కాగితం మీద కుదిరాకే లోపలికి. చెప్పి ఊరుకుంటే రాదిది. గన్ను దించినప్పుడల్లా ఆమె వేలు ఎక్కడుందో చూడండి. లోపలే ఉంటే అరవకండి, మీ వేలితో ఆమె వేలిని మెల్లగా బయటికి తీసి పెట్టండి. పది సార్లు తీస్తే పదకొండోసారి తనే తీస్తుంది. ఒక జాగ్రత్త: స్ప్రింగు గన్నుని విరిచి, పెల్లెట్ లేకుండా వదలకండి. ముందున్న గాలికి అడ్డు లేక పిస్టన్ లోహానికి కొట్టుకుని సీలు చితికిపోతుంది.

తరవాత నింపడం. దీన్ని మొదటి రోజు మీరే చెయ్యండి. చాలా గన్నులు విరవడానికి పెద్దవాళ్ళ బలం కావాలి, పిల్ల మోకాలికి ఆనించి రెండు చేతులతో లాగితే గొట్టం ఎటు తిరుగుతుందో చెప్పలేం. గొట్టం విరిచాక మీ ఎడమ చెయ్యి గొట్టాన్ని వదలకూడదు. విరిచి ఉన్నప్పుడు పొరపాటున ట్రిగ్గరు తగిలితే గొట్టం కత్తెరలా పైకి లేచి మూసుకుంటుంది, పెల్లెట్ పెడుతున్న వేలు మధ్యలో ఉంటే నలిగిపోతుంది, తెగినా తెగవచ్చు. ఎడమ చేత్తో గొట్టం పట్టి, కుడి చేత్తో పెల్లెట్ ముక్కు ముందుకు ఉండేలా పెట్టి, బొటనవేలితో నొక్కి, మూసి, అప్పుడు ఆమెకివ్వండి. పెల్లెట్‌ని పెట్టేముందు అరచేతిలో తిప్పి చూడండి. వెనక గంట లాంటి లంగా అంచు నొక్కుకుపోయి ఉంటే పక్కన పడెయ్యండి, అది ఎటు పోతుందో దానికే తెలియదు. ముందు తల చదునుగా ఉన్న రకం కొనండి, కాగితంలో గుండ్రంగా కన్నం పెడుతుంది. కోసుగా ఉన్నది కాగితాన్ని చింపేస్తుంది, ఎక్కడ తగిలిందో పిల్లకి తెలియదు.

తెల్ల కాగితం ఎందుకంటే, గుండ్రాలు చూడగానే ఎవరికైనా మధ్యలో కొట్టాలనిపిస్తుంది. కన్ను సైటు వదిలేసి నల్ల చుక్క మీదికి పరిగెడుతుంది, చుక్క కుదిరినట్టు కనపడగానే వేలు గుంజుతుంది. ఖాళీ కాగితం అయితే కొట్టాల్సిందేమీ ఉండదు. ముందు సైటు మొన స్పష్టంగా, కాగితం మసకగా కనపడుతుంటే ఊపిరి సగం వదిలి, ఆపి, వేలిని నేరుగా వెనక్కి, ముద్ద పిసికినట్టు మెల్లగా నొక్కమనండి. ఊపిరి ఆపాక 6 నుంచి 8 సెకన్లు. ఆలోగా పేలకపోతే నొక్కడం ఆపి, గన్ను దించి, ఊపిరి తీసుకుని మళ్ళీ. పేలిన తరవాత కూడా ఒకటి, రెండు లెక్కపెట్టేదాకా కన్ను సైటు మీదే, వేలు వెనకే. ఈ రెండు అంకెలే కళ్ళు మూసుకునే అలవాటుకి మంచి మందు. "పేలినప్పుడు ముందు సైటు ఎటు కదిలిందో చెప్పమ్మా" అని అడగండి, ఎక్కడ తగిలిందని అడగకండి. చెప్పాలంటే కళ్ళు తెరిచి ఉండాలి కదా. "పైకి లేచి కొంచెం కుడికి పోయింది మావయ్యా" అని ఆమె చెప్పిన క్షణాన రెప్పలు తెరుచుకున్నట్టే.

అయిదేసి పెల్లెట్లు కాల్చి, గన్ను ఖాళీ అని చూసి, విరిచి బల్ల మీద పెట్టి, అందరూ కలిసి కాగితం దగ్గరికి వెళ్ళండి. వెళ్ళేముందు గొట్టంలోంచి గడ్డి కోసే మిషను నైలాన్ తీగ ఒకటి అటూ ఇటూ బయటికి కనపడేలా దూర్చండి. తీగ కనపడితే లోపల పెల్లెట్ లేనట్టే, దూరం నుంచే తెలుస్తుంది. అయిదు కన్నాలూ అరచేతి వెడల్పులో ఉంటే మొదటి రోజుకి చాలా బాగున్నట్టు. కాగితంలో ఎక్కడున్నాయన్నది పట్టించుకోకండి, ఒకచోట గుంపుగా ఉన్నాయా లేదా అన్నదే చూడండి. గుంపుని మధ్యకి జరపడం సైటు మర తిప్పే పని, అది మీరు చేస్తారు. నాలుగు సార్లు అయిదు, మొత్తం 20. ఇంకా కాలుస్తానని ఆమె అడిగినా అక్కడే ఆపెయ్యండి. 30 దాటితే ఎడమ చెయ్యి వణుకుతుంది, గుంపు చెదురుతుంది, "నాకు రాదు" అన్న మాట ఇంటికి తీసుకెళ్తుంది. ఆకలిగా లేస్తే రెండో ఆదివారం తనే తోటలోకి నడుస్తుంది.

తప్పులు కాగితం మీద చదవొచ్చు. దెబ్బలన్నీ కిందికి పోతుంటే వేలు గుంజుతోంది. నిలువుగా గీతలా పడుతుంటే చెంప ప్రతిసారీ వేరే ఎత్తులో ఆనుతోంది, లేదా ఊపిరి ఆగట్లేదు. అడ్డంగా చెదిరితే చెయ్యి కింద ఇసుక మూట కుదరలేదు. నాలుగు ఒకచోట, ఒకటి దూరంగా పడితే పిల్లని ఏమీ అనకండి, ముందు పెల్లెట్ అంచుని అనుమానించండి.

మీ ఆవిడ విషయంలో వేరే మాట. నేర్పేది భర్త అయితే సలహాలు ఎక్కువైపోతాయి, ఒక్కో దెబ్బకి మూడు తప్పులు చెప్తారు. ఒక అయిదుకి ఒక్క తప్పే చెప్పండి. వీలైతే పిల్లకి నేర్పించిన పాఠం పిల్ల చేతే అత్తకి చెప్పించండి. ఇద్దరికీ మంచిది. గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా పెల్లెట్లు ముట్టుకోవడం ఇప్పటికి వద్దు, అవి సీసం.

తరవాతి మెట్లు తొందర లేకుండా ఎక్కండి. 5 మీటర్లలో గుంపు పెద్ద రూపాయి బిళ్ళ అంత అయ్యాక 10 మీటర్లకి జరపండి, అప్పుడు గుండ్రాలున్న కాగితం పెట్టండి. ఆనించి బాగా వచ్చాక మాత్రమే నిలబడి కాల్చడం. 0.22 తూటా రైఫిల్ చూడాలనుకుంటే ఇంటి దగ్గర కాదు, బడిలో ఎన్‌సీసీ ఉంటే అందులో చేర్చండి, 13 ఏళ్ళకి జూనియర్ విభాగంలోకి తీసుకుంటారు. అక్కడ పడుకుని, 25 గజాల దూరంలో, హవల్దారు పక్కన కూర్చుని కాల్పిస్తారు. అక్కడికెళ్ళేముందు రెండు సంగతులు చెప్పి పంపండి: వేడి ఖాళీ తూటా మెడలో పడకుండా చొక్కా మెడ గుండీ పెట్టుకోవాలి. ట్రిగ్గరు నొక్కితే టక్‌మని పేలకపోతే గన్ను తిప్పి చూడకుండా, 30 సెకన్లు గొట్టం ముందుకే ఉంచి, చెయ్యెత్తి పిలవాలి. ఆసక్తి నిలిస్తే భువనేశ్వర్ కళింగ స్టేడియంలో షూటింగ్ రేంజి ఉంది. సెలవుల్లో ఒకసారి తీసుకెళ్ళి చూపించండి.

12 బోరు ఎప్పుడు అని చిన్నాన్నగారు మళ్ళీ అడుగుతారు. క్లబ్బులో, శిక్షకుడి పక్కన, లోపల బిరడాలు, పైన చెవి తొడుగులు రెండూ పెట్టుకుని, తేలిక తూటాతో, గన్ను పొడవు ఆమెకి కుదిరినప్పుడు. కొన్నేళ్ళ మాట అది.

కాల్చడం అయ్యాక స్ప్రింగు ఎక్కనంత కొంచెంగా మాత్రమే గన్ను విరిచి గొట్టంలోంచి వెలుతురు చూడండి. విరిచి నింపిన గన్నుని కాల్చకుండా ఇంట్లోకి తేకూడదు, మిగిలిన పెల్లెట్‌ని ఇసుక మూటలోకి కాల్చెయ్యండి. గన్ను ఒక తాళంలో, పెల్లెట్ల డబ్బా మరో తాళంలో. పిల్లలకి పెల్లెట్లు నోట్లో పెట్టుకునే అలవాటుంటుంది, రెండు చేతులూ ఖాళీ అవుతాయని. మొదటి రోజే ఆపండి. అట్టపెట్టె బట్టలు దులిపితే సీసం పొడి లేస్తుంది, ఆ పని మీరే చెయ్యండి, గాలి మీ నుంచి అటు పోయేలా నిలబడి. తరవాత అందరూ మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, అప్పుడు టిఫిన్‌కి కూర్చోండి.